పాత పటంలో పోయిన వీధి, పోయిన స్టేషను పట్టుకోవడం: బరంపురం, పర్లాకిమిడి వైపు

మీరు అడిగినవి రెండు. తాతగారి 1928 దస్తావేజులో ఉన్న బరంపురం వీధి పేరు ఇప్పుడు ఎవరికీ తెలియదు, అది ఎక్కడుండేదో తేలాలి. ఆయన తర్వాత పనిచేసిన స్టేషను, అంటే పర్లాకిమిడి, గుణుపురం మధ్య నారోగేజి బండి ఆగిన చోటు, ఇప్పటి ఫోను పటం మీద గుర్తుపెట్టాలి. దొరికిన పాత అంగుళం పటాన్ని (నేల మీద మైలుని ఒక అంగుళంగా గీసిన సర్వే పటం) గూగుల్ ఎర్త్ మీద పరిస్తే ఊరు ఊరంతా తూర్పుకి నాలుగు కిలోమీటర్ల పైన జరిగి పొలాల మీద పడుతోందన్నారు. ముందు దాని సంగతి చూద్దాం, ఎందుకంటే అది తేలకపోతే మిగతాదంతా తప్పుతుంది.

అది మీ చేతి పొరపాటు కాదు. సర్వే ఆఫ్ ఇండియా పాత షీట్లలో రేఖాంశాలు మద్రాసు అబ్జర్వేటరీ రేఖాంశాన్ని పట్టుకుని లెక్కకట్టినవి. ఆ విలువే అసలు కంటే కాస్త ఎక్కువ. అందుకే 2 నిమిషాల 27 సెకన్లు తీసెయ్యాలని షీటు అంచున చిన్న అక్షరాల్లో అచ్చేసేవారు. మన అక్షాంశం దగ్గర ఒక నిమిషం రేఖాంశం అంటే సుమారు 1.75 కిలోమీటర్లు. లెక్క వేస్తే 4.3 కిలోమీటర్లు వస్తుంది, మీకు కనిపిస్తున్న జరుగు సరిగ్గా అదే. స్కాన్ చేసేవాళ్లు బొమ్మ చక్కగా కనబడాలని అంచులు కత్తిరించేస్తారు, దాంతో ఈ సూచన కూడా పోతుంది. అంచు లేని స్కాను వద్దు, అంచుతో ఉన్న ప్రతి కోసం వెతకండి.

ఈ సవరణ చేశాక కూడా రెండు వందల మీటర్ల పైచిలుకు తేడా మిగులుతుంది. పాత షీట్లు ఎవరెస్ట్ గోళాకృతి, అంటే భూమి ఆకారానికి అప్పట్లో వాడిన లెక్క, మీద గీసినవి. ఫోను జీపీఎస్ ఇప్పటి లెక్క అయిన డబ్ల్యూజీఎస్ 84 మీద నడుస్తుంది. సవరించకపోతే బరంపురం దగ్గర పాత పటం దాదాపు 230 మీటర్లు తూర్పుకి, నూరు మీటర్లు దక్షిణానికి పడుతుంది. పటాల సాఫ్ట్‌వేరు క్యూజీఐఎస్‌లో షీటు మూలలకు నాలుగు పాయింట్లు పెట్టేటప్పుడు నిర్దేశాంక పద్ధతిగా ఎవరెస్ట్ మీద కట్టిన కళియాన్‌పూర్ 1975 ఎంచుకుంటే సాఫ్ట్‌వేరే మార్చిపెడుతుంది. నేరుగా డబ్ల్యూజీఎస్ 84 అని పెట్టేసి, తర్వాత చేత్తో పటాన్ని లాగి సర్దేవాళ్లు చాలామంది. అలా లాగితే ఊరి మధ్యలో కుదిరి శివార్లలో చెడుతుంది.

ఇక ఏ షీట్లు కావాలి? బరంపురం, గోపాలపురం, ఛత్రపురం మూడూ 74 ఏ/15లో వస్తాయి. పర్లాకిమిడి 74 బీ/1. పాతపట్నం 18 డిగ్రీల 45 నిమిషాల గీతకు ఆనుకుని ఉంది కనుక 74 బీ/1, 74 బీ/2 రెండూ అతికించి చూడాలి. నౌపడ వైపు వెళ్తే 74 బీ/6. పర్లాకిమిడి దాటి కాసేపట్లోనే 84 డిగ్రీల రేఖాంశం వస్తుంది. అక్కడితో 74 నంబరు అయిపోయి 65 మొదలవుతుంది: కాశీనగర్ 65 ఎన్/13, గుణుపురం 65 ఎం/16. ఈ 84 డిగ్రీల గీతే యూటీఎం (భూమిని ఆరేసి డిగ్రీల పట్టీలుగా విడగొట్టి మీటర్లలో కొలిచే పద్ధతి, ఒక్కో పట్టీ ఒక మండలం) 44, 45 మండలాల సరిహద్దు కూడా. పర్లాకిమిడి 45లో, గుణుపురం 44లో ఉంటాయి. రెండు మండలాల్లో రెండు ఫైళ్లు చేస్తే లైను మధ్యలో తెగిపోయినట్టు కనబడి కంగారు పెడుతుంది. మొత్తం 45లోనే చెయ్యండి, ఈ కొద్ది దూరానికి వచ్చే తేడా లెక్కలోకి రాదు.

షీటు మీద రెండు తేదీలుంటాయి, అచ్చయిన సంవత్సరం ఒకటి, సర్వే చేసిన సంవత్సరం ఒకటి. మీకు పనికొచ్చేది రెండోది. ఇందులో ఇంకో మెలిక ఉంది. పాత సర్వే మీదే రైల్వేలు, రోడ్లు మాత్రం కొత్తగా చేర్చి మళ్లీ అచ్చేసేవారు. అప్పుడు ఒకే కాగితం మీద రైలు పట్టాలది ఒక కాలం, పక్కనున్న వీధులది అంతకంటే చాలా పాత కాలం అవుతుంది. 1930ల ముద్రణలో వీధి కనిపించింది కాబట్టి 1930లలో వీధి ఉన్నట్టే అనుకోవద్దు. రైల్వే విషయంలో తేదీలు తేలిగ్గా సరిపోల్చుకోవచ్చు: ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే మన వైపు పడింది 1893–96 మధ్య. నౌపడ నుంచి పర్లాకిమిడికి రెండడుగుల ఆరంగుళాల లైటు రైల్వే 1900లో తెరిచారు. దాన్ని గుణుపురం దాకా పొడిగించడం 1931కి పూర్తయింది. కాబట్టి 1931కి ముందు షీట్లలో గుణుపురం స్టేషను లేదంటే అది పటం తప్పు కాదు. చుక్కల గీతతో వేసిన ప్రతిపాదిత లైన్లను కూడా నమ్మొద్దు. పటం మీద గీసినవన్నీ నేల మీద పడలేదు.

ఇంకో చిక్కు కేటలాగుల్లో వస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా బరంపురం, పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా. గుణుపురం విశాఖపట్నం జిల్లా ఏజెన్సీ. తర్వాత గుణుపురం కోరాపుట్‌కి పోయింది, 1992లో రాయగడ జిల్లా అయింది. అదే ఏడు పర్లాకిమిడి చుట్టుపక్కలతో గజపతి జిల్లా వచ్చింది. టెక్కలి, పాతపట్నం ఇటు ఆంధ్రలోనే మిగిలిపోయాయి. అందువల్ల ఒకే చిన్న రైలు లైను కాగితాలు ఇవాళ మూడు జిల్లాల్లో, రెండు రాష్ట్రాల్లో ఉన్నాయి. 1936కి ముందువి చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో గంజాం, విశాఖపట్నం పేర్ల కింద అడగాలి, ఒరిస్సా అని అడిగితే ఏమీ దొరకదు. తర్వాతివి భువనేశ్వర్‌లోని ఒడిశా స్టేట్ ఆర్కైవ్స్‌లో చూడాలి. ఊళ్ల పేర్లు కూడా మారాయి. పాత పటంలో రసెల్‌కొండ అంటే ఇప్పటి భంజనగర్. ఇంగ్లీషు స్పెల్లింగు నాలుగు రకాలుగా ఉంటుంది కాబట్టి పేరుతో కాక షీటు నంబరుతో వెతకండి.

స్కాను గురించి రెండు మాటలు. ఫోనుతో తీసిన ఫొటో ఈ పనికి చాలదు. డాక్యుమెంట్ స్కాన్ యాప్‌లైతే మరీ ప్రమాదం, కాగితాన్ని నలుచదరం చేయాలని పటాన్నే సాగదీస్తాయి. ఫ్లాట్‌బెడ్ మీద 400 డీపీఐతో చేస్తే అంగుళం పటంలో ఒక పిక్సెల్ నాలుగు మీటర్లవుతుంది, అంతకంటే ఎక్కువ పెట్టినా గీత మందమే అడ్డొస్తుంది. స్కాను చేసే ముందు స్కేలుతో లోపలి గడిని కొలవండి. 74 ఏ/15లో 15 నిమిషాల ఎత్తు సుమారు 43.7 సెంటీమీటర్లు, మధ్యలో వెడల్పు సుమారు 41.5 ఉండాలి. మూడు మిల్లీమీటర్లు తగ్గిందంటే కాగితం ముడుచుకుపోయింది, నేల మీద అది 190 మీటర్లు. గుడ్డ మీద ముక్కలుగా అంటించిన మడత పటమైతే ప్రతి ముక్కనీ విడిగా కూర్చాలి. ముక్కల మధ్య సందుల్ని లెక్కలో పెట్టకపోతే ఒక్కో సందుకీ నూరు నూటయాభై మీటర్లు జరిగిపోతుంది.

సరే, ఇప్పుడు వీధి. అంగుళం పటం మీద వీధి కోసం వెతకడం మానేయండి. దాని స్కేలు 1:63,360. పెన్సిలు గీత మందం 0.3 మిల్లీమీటర్లు అనుకున్నా నేల మీద 19 మీటర్లవుతుంది. ఆరు మీటర్ల సందు దాంట్లో పట్టదు. నల్లగా నింపిన ముద్దే ఊరు. వీధికి కావలసింది మైలుకి పదహారు అంగుళాల గ్రామ పటం, అంటే 1:3,960. అందులో అదే గీత 1.2 మీటర్లే. దాని ఇప్పటి వారసుడు ఒడిశా ప్రభుత్వ భూనక్షా సైటులో ఉచితంగా కనబడుతుంది. భూమి రికార్డుల సైటు భూలేఖ్‌లో ఖాతా, ప్లాటు వివరాలు వస్తాయి.

దారి దస్తావేజులోంచే మొదలవుతుంది. వీధి పేరు పక్కన పెట్టి చెక్కుబందీ, అంటే నాలుగు వైపుల హద్దులు, చదవండి. తూర్పున ఎవరి ఇల్లు, దక్షిణాన ఏ చెరువు గట్టు, పడమర ఏ గుడి మాన్యం, ఉత్తరాన రాజవీధా సందా అన్నది చూడండి. మనుషుల పేర్లు మారతాయి కానీ గుడి, చెరువు, మఠం నిలుస్తాయి. కొలతలు లింకుల్లో ఉంటే ఒక లింకు 7.92 అంగుళాలు, నూరు లింకులు 66 అడుగులు. సర్వే నంబరు రాసి ఉంటే సగం పని అయినట్టే. లేకపోతే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఇండెక్స్ రెండు అడగండి. ఇండెక్స్ ఒకటి మనుషుల పేర్ల వారీది, రెండోది ఆస్తి వారీది. రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించే ఒకటో పుస్తకాన్నీ, దాని ఇండెక్సులనీ ఫీజు కట్టిన ఎవరైనా చూడొచ్చు, వారసుడినని రుజువు చూపనక్కర్లేదు. అదే వీధిలో అటూ ఇటూ పదేళ్లలో జరిగిన నాలుగైదు అమ్మకాలు చూస్తే ఒకరి హద్దు ఇంకొకరి హద్దుతో కలుస్తూ వరుస తయారవుతుంది. ఆ వరుసకి ఒక కొస గుడికో చెరువుకో తగిలేదాకా లాగాలి. దొరికితే మునిసిపాలిటీ ఇంటిపన్ను రిజిస్టరు ఇంకా మేలు, అందులో ఇళ్లు డోరు నంబరు వరుసలోనే ఉంటాయి.

పాత మద్రాసు సర్వే నంబరు ఇప్పటి ఒడిశా ప్లాటు నంబరు ఒకటి కావు. ఒడిశా సెటిల్‌మెంటులో, అంటే భూముల్ని మళ్లీ కొలిచి రికార్డు రాసేటప్పుడు, ముందటి నంబరుని సాబిక్ అనీ ఇప్పటిదాన్ని హాల్ అనీ అంటారు. రెండింటి పొంతన చూపే కాగితం తహసీల్ ఆఫీసులో అడగాలి. ఒక సాబిక్ నంబరు నాలుగు హాల్ ప్లాట్లుగా చీలి ఉండొచ్చు, రెండు కలిసి ఒకటై ఉండొచ్చు. అందుకే మీ ఒక్క నంబరుకే కాక చుట్టూ ఉన్న అయిదారు నంబర్లకీ పొంతన తీయించండి, అప్పుడే ఆకారం కుదిరిందో లేదో తెలుస్తుంది. రెండు సెటిల్‌మెంట్లు మధ్యలో జరిగి ఉంటే సాబిక్ నుంచి హాల్‌కి ఒక్క అంగలో వెళ్లలేరు, మధ్య మెట్టు కూడా కావాలి.

పోయిన వీధిని పట్టించే అసలు గుర్తు ఇది. వీధి ఎవరి పట్టా భూమీ కాదు. మద్రాసు లెక్కల్లో పోరంబోకు, ఒడిశా లెక్కల్లో కిసం రస్తా (కిసం అంటే భూమి రకం, రస్తా అంటే దారి). మధ్యలో ఇళ్లు ముందుకు జరిగి వీధి మూసుకుపోయినా, కాగితం మీద ఆ పొడుగాటి సన్నని ముక్క తన నంబరుతో అలాగే ఉండిపోతుంది. భూనక్షాలో మీ పేట చుట్టూ చూస్తూ, ఇప్పుడు దారి లేని చోట రెండు వరుసల ఇళ్ల పెరళ్ల మధ్య రిబ్బనులా సాగే ప్లాటు కోసం వెతకండి. కిసం రస్తా అని వస్తే దాదాపు దొరికినట్టే. ఖస్పా వీధి, పాత బరంపురం లాంటి చోట్ల వీధులు గుడి నుంచి చెరువు నుంచి తిన్నగా బయల్దేరతాయి. ఆ రిబ్బను ఎక్కడికీ చేరకుండా మధ్యలో ఆగితే అది వీధి కాదు, ఏ పాత మురుగు కాలువో అయి ఉంటుంది.

గ్రామ పటాన్ని ఉపగ్రహ ఫొటో మీద కూర్చేటప్పుడు ఏ పాయింట్లు, అంటే రెండింట్లోనూ కనబడే ఏ గుర్తులు, వాడారన్నదే ముఖ్యం. గుడి గర్భాలయం మధ్య, జైలు గోడ మూలలు, రైల్వే కల్వర్టులు, పాత చర్చి మంచివి. రామలింగం చెరువు లాంటి చోట నీటి అంచు వాడొద్దు, చెరువులు పూడి అంచులు జరుగుతాయి. వంశధార, మహేంద్రతనయ ఒడ్లు అసలే వద్దు. రోడ్ల కూడలి కూడా వెడల్పు చేశాక మధ్య బిందువు మారుతుంది. ఊరి చుట్టూ ఎనిమిది పాయింట్లు పెట్టి, అందులో రెండింటిని లెక్కలోకి ఇవ్వకుండా దాచుకోండి. చివర్లో అవి ఎక్కడ పడ్డాయో చూస్తే నిజమైన తప్పు ఎంతో తెలుస్తుంది. గ్రామ పటంలో ఆరు ఎనిమిది మీటర్ల లోపుంటే చాలు. క్యూజీఐఎస్‌లో పటాన్ని పాయింట్లకి కుదిర్చే పద్ధతుల్లో సాదా అయిన హెల్మర్ట్ లేదా ఒకటో తరగతి పాలినోమియల్‌తో మొదలుపెట్టండి. థిన్ ప్లేట్ స్ప్లైన్ అనే పద్ధతి పెడితే తప్పు సున్నా అని చూపిస్తుంది, అది నిజం కాదు. ఇచ్చిన పాయింట్ల దగ్గరకి పటాన్ని బలవంతంగా లాగేసింది, అంతే. మూడో తరగతి పాలినోమియల్‌కి కనీసం పది పాయింట్లు కావాలి, పదే ఇస్తే అదీ ఇలాంటి అబద్ధమే చెబుతుంది.

కొండల మీద సర్వే త్రిభుజం గుర్తులుంటే ఎత్తుతో సరిచూడొచ్చు. పాత షీటు అడుగుల్లో, సర్వే ఆఫ్ ఇండియా సైటులో ఉచితంగా దొరికే కొత్త ఓపెన్ సిరీస్ పటాలు మీటర్లలో ఉంటాయి. వెయ్యి అడుగులు 305 మీటర్లు. ఎత్తు కుదిరితే అదే కొండ.

స్టేషను పద్ధతి వేరు. ఇక్కడ అంగుళం పటమే మొదటి ఆధారం, ఎందుకంటే లైను ఊరి బయట పోతుంది. రైలుకట్ట మీద 12 పక్కన ఇంగ్లీషు ఆర్ అక్షరం చిన్నగా కనిపిస్తే కట్ట ఎత్తు నేల మీంచి 12 అడుగులని అర్థం. స్టేషను ఎత్తైన కట్ట మీదగానీ లోతైన కోత మధ్యగానీ ఉండదు, యార్డుకి ఇంచుమించు సమతలం కావాలి. ఆ రకంగా చాలా భాగం ముందే కొట్టేయొచ్చు. చిన్న హాల్టులకి కట్టడమే ఉండదు, పేరుబోర్డు ఒక్కటే ఉంటుంది, పటంలో అసలు రాకపోవచ్చు. అప్పుడు పాత టైం టేబుల్లోని మైళ్లు వాడాలి. పూర్తి మైళ్లలోనే రాసేవారు కనుక అటూ ఇటూ 800 మీటర్లు తేడా వస్తుంది. నౌపడ నుంచి లైను వెంట కొలవాలి, ఆకాశమార్గాన కాదు. అలా దొరికిన 1.6 కిలోమీటర్ల ముక్కలో గ్రామ పటం తెరిచి చూడండి. రైల్వే భూమి సన్నని పట్టీలా పోతూ ఒకచోట కడుపులా ఉబ్బుతుంది. ఆ ఉబ్బే స్టేషను.

ఏ ఊరి గ్రామ పటం తెరవాలన్న దగ్గర చాలామంది తప్పుతారు. స్టేషను పేరు దగ్గర్లోని పెద్ద ఊరిది, నేల మాత్రం పక్క పల్లెది కావచ్చు. మెయిన్ లైనులో మందస రోడ్, సుర్లా రోడ్ పేర్లే చెబుతున్నాయి, ఊరు అక్కడికి దూరమని. అటు ఇటు పల్లెల పటాలు కూడా తీయండి.

ఈ లైను 2004లో ఆగి బ్రాడ్‌గేజి అయింది. పర్లాకిమిడి దాకా 2010లో, గుణుపురం దాకా 2011లో కొత్త బండ్లు మొదలయ్యాయి. చాలా మేరకు పాత కట్టనే వెడల్పు చేశారు, కానీ మలుపుల దగ్గర అలా కుదరదు. నారోగేజిలో 40 డిగ్రీల వంపు దాకా అనుమతి ఉంది, అంటే 44 మీటర్ల వ్యాసార్ధం. బ్రాడ్‌గేజికి 10 డిగ్రీలే, అంటే 175 మీటర్లు. డిగ్రీ తెలిస్తే 1750ని దాంతో భాగిస్తే మీటర్లు వస్తాయి. పాత గ్రామ పటం మీద వంపుకి 100 మీటర్ల జ్యా (వంపు మీది రెండు చోట్లని కలిపే తిన్నని గీత) గీసి, మధ్యలో వంపు దాకా దూరం కొలవండి. జ్యా వర్గాన్ని ఆ దూరానికి ఎనిమిది రెట్లతో భాగిస్తే వ్యాసార్ధం. దూరం 10 మీటర్లు వచ్చిందనుకోండి, వ్యాసార్ధం 125. బ్రాడ్‌గేజి అక్కడ తిరగలేదు, కాబట్టి పాత కట్ట ముక్క పక్కన మిగిలి ఉండాలి. ఏడు మీటర్లే వస్తే వ్యాసార్ధం 179, కొత్త లైను దాని మీదే పోయి ఉండొచ్చు. స్టేషను ఆ వదిలేసిన ముక్క మీద ఉంటే ఇవాళ్టి స్టేషను పేరు అదే అయినా చోటు వేరు.

మార్పిడికి ముందు నేల ఎలా ఉండేదో చూడాలంటే గూగుల్ ఎర్త్ పాత ఫొటోలు మన పల్లెలకి పెద్దగా అక్కరకు రావు. అమెరికా భూగర్భ సర్వే సంస్థ ఎర్త్ ఎక్స్‌ప్లోరర్‌లో కరోనా గూఢచారి ఉపగ్రహం ఫొటోలు, 1960–72 మధ్యవి, ఉన్నాయి. ఆఖరి తరం కెమెరాలవి సుమారు రెండు మీటర్ల స్పష్టతతో ఉంటాయి, రైలుకట్ట, గెడ్డ మీద వంతెన, యార్డు వెడల్పు తెలుస్తాయి. ఇదివరకే స్కాన్ అయిన రీళ్లు ఉచితం. ఈ ఫొటో అంచుల్లో బాగా సాగుతుంది కనుక మొత్తం కాకుండా మీకు కావలసిన నాలుగైదు కిలోమీటర్ల ముక్క మాత్రం కత్తిరించి కూర్చండి. టెక్సస్ విశ్వవిద్యాలయం పెట్టిన 1950ల అమెరికా సైన్యం షీట్లలో కూడా ఈ లైను దొరుకుతుంది. స్కేలు 1:250,000 కాబట్టి స్టేషన్ల పేర్లు సరిచూసుకోవడానికి తప్ప చోటు కోసం వాడొద్దు.

చివరి నిర్ధారణ రైల్వే ల్యాండ్ ప్లాన్, అంటే రైల్వే తన భూమి హద్దులు గీసుకున్న పటం. సమాచార హక్కు కింద పది రూపాయల పోస్టల్ ఆర్డరుతో అడగొచ్చు, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. పాత స్టేషను ఎక్కడుండేది అని ప్రశ్న వేస్తే సమాచారం లేదని రాస్తారు. ఫలానా కిలోమీటరు నుంచి ఫలానా కిలోమీటరు దాకా, ఫలానా గ్రామంలో, నారోగేజి కాలపు ల్యాండ్ ప్లాన్ ధ్రువీకరించిన నకలు కావాలని రాయండి. ఫైలు పేరుతో అడిగితే ఫైలు ఇస్తారు.

చోటు చూడటానికి వెళ్లినప్పుడు ఆవిరి ఇంజన్లకి నీళ్లిచ్చిన పెద్ద బావి, ట్యాంకు దిమ్మ, గూడ్సు ప్లాట్‌ఫారం రాతి అంచు వెతకండి. కట్టడాలు కూల్చినా బావిని ఊరివాళ్లు పూడ్చరు, నీళ్లు వాడుకుంటారు. నడిచే లైను మీద ఎక్కి కొలతలు తీయొద్దు. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద అది నేరం, ఆరు నెలల జైలు దాకా ఉంది. గేటు దగ్గరి నుంచీ, పక్క పొలం గట్టు మీంచీ, కాశీనగర్ వైపు అయితే రోడ్డు మీంచీ చూసినా కట్ట ఆకారం తెలుస్తుంది.